గురువు పేరు చెప్పని పాటలు

కోలాప్ మూడో చరణం అందుకోకముందే రికార్డింగు స్టూడియో యజమాని తాయింగ్ మైకు ఆపించేశాడు.

"ఎక్కడిదే ఈ రాగం?"

"నాదే సార్. బట్టల మిల్లులో కుట్టు మిషను ముందు కూర్చుని కట్టుకున్నా. మా షెడ్డంతా పాడుకుంటారు."

"నీ మొహానికి సొంత రాగమొకటా? బ్యాంకాక్ పాటొకటి ఇస్తా, మన మాటలు పెట్టి పాడు. లేదంటే మళ్లీ బట్టలు కుట్టుకో, పో!"

అద్దం ఇవతల నిలబడి మొలికా అంతా చూసింది. అన్యాయమని ఆమెకూ తెలుసు. అయినా కడుపు మండింది తాయింగ్ మీద కాదు, కోలాప్ మీద. పన్నెండేళ్లుగా నాంపెన్‌లో పేరు మోసిన గాయని తను. పాడినవన్నీ పరాయి దేశాల రాగాలే, పైన తమ ఖ్మేర్ భాష మాటల తొడుగు. నిన్నగాక మొన్న మిల్లు నుంచి ఊడిపడ్డ పిల్లకి సొంత పాటా?

సాయంత్రం నూడుల్స్ బండి దగ్గర పాటగాళ్లూ వాద్యగాళ్లూ చేరారు. డోలు వాయించే ఫాన్ తాత లేచాడు.

"ఇక కాపీ రాగాలు పాడొద్దు, వాయించొద్దు. మన పిల్లలు కట్టిన పాటలే రికార్డు కావాలి, వాళ్ల పేర్లతోనే. అందరం ఒక్క మాట మీదుంటే వాడేం చేస్తాడు?"

"ఈ పిల్ల కోసం మేమంతా రోడ్డున పడాలా?" మొలికా విరుచుకుపడింది.

"నా కోసం కాదక్కా," అంది కోలాప్. "నీకూ సొంత పాటొకటి ఉండాలని లేదా?"

ఆ మాట ముల్లులా దిగింది. మొలికా తిన్నగా తాయింగ్ దగ్గరికి పోయి, రికార్డింగుకి ముందు సాధన చేస్తుంటే ఫోనులో పట్టుకున్న కోలాప్ పాట పూర్తిగా వినిపించింది. వాడి కళ్లు మెరిశాయి. పనివాళ్ల కుళ్లు కూడా యజమానులకి లాభసాటి సరుకే.

"కొత్త సంవత్సరం వేదిక మీద నువ్వే పాడు. నీ పాటేనని చెప్పు."

ఆమె ఆశపడ్డదీ అదే.

పండగ మధ్యాహ్నం మైదానం కిటకిటలాడింది. ముందు వరసల్లో మిల్లు ఆడవాళ్లు. వేదిక మీద పళ్లెంలో అరటిపళ్లు, అగరొత్తులు. పాడేముందు మోకాళ్ల మీద కూర్చుని, పాట ఇచ్చిన గురువు పేరు చెప్పి మొక్కాలి. పన్నెండేళ్లుగా మొలికా ఇక్కడ పెదవులు కదిపి ఊరుకునేది. ఎత్తుకొచ్చిన రాగానికి గురువెవరని చెబుతుంది?

ఇవాళ పేరుంది. ఆ పేరు గల పిల్లని కాపలావాళ్లు కంచె అవతలికి నెడుతున్నారు.

మొలికా చేతులు జోడించింది. తనకి తానే గురువునని మొక్కడానికి నోరు పెగల్లేదు.

"ఈ పాట ఇచ్చింది కోలాప్. మిల్లు పిల్ల. నేను దొంగిలించా, తాయింగ్ అమ్ముకుంటున్నాడు."

మైకు ఆగిపోయింది. ఫాన్ తాత డోలందుకున్నాడు. వెనక గాయకులు గొంతు కలిపారు. షెడ్డులో రోజూ పాడుకునే పాటే కదా, మిల్లు ఆడవాళ్లంతా లేచి పాడారు.

తాయింగ్ పిలిపించిన పోలీసులు మొలికాని ఈడ్చుకుపోతుంటే కోలాప్ కంచె పట్టుకుని ఏడ్చింది.

"అక్కా!"

"ఏడవకే! నిన్ను చూస్తే నాకిప్పటికీ కుళ్లే. బయటికొచ్చాక నేనూ ఓ పాట కడతా, దీని తాతలాంటిది."

వ్యాను తలుపు పడింది. బయట జనం మూడో చరణం అందుకున్నారు.