ఎవరో గొర్రెలాయన

బాస్కెట్‌బాల్ ఆటలో మల్లీశ్వరి వెనక్కి చూడకుండానే బంతి అందిస్తుందని అందరూ ముచ్చటగా చెప్పుకుంటారు. ఆ విద్య ఏ కోచూ నేర్పింది కాదు. బషీరాబాద్ బీళ్లలో తండ్రి భీమప్ప వెంట గొర్రెలు కాసిన పిల్లకు, మంద ఎటు చెదిరిందో చెవులే చెబుతాయి. ఆయన నాలుక మడిచి "డుర్ర్ర్... హోయ్!" అంటే మందంతా తల తిప్పేది. మందతో పాటు మల్లీశ్వరి కూడా.

ఆ పిలుపే ఓసారి కొంప ముంచింది. పదో తరగతిలో ఆమె వికారాబాద్‌లో జిల్లా ఫైనల్ ఆడుతుంటే, భీమప్ప మర్పల్లిలో గొర్రెలమ్మి, భుజాన గొంగడితో నేరుగా మైదానానికి వచ్చాడు. బిడ్డ చేతిలో బంతి చూసి ఉండబట్టలేక డుర్ర్ర్‌మన్నాడు. ఆమె ఠక్కున తల తిప్పింది. బంతి జారి అవతలి జట్టుకు చిక్కింది, గెలవాల్సిన ఆట పోయింది.

"ఎవలే ఆయన? నిన్నే పిలిచినట్టుంది!" అని జట్టులోని సహస్ర పడీపడీ నవ్వింది.

"నాకేం ఎరుక? ఎవరో గొర్రెలాయన," అంది మల్లీశ్వరి.

ఆమె వెనకే, అరటిపండ్లు పట్టుకుని నిలబడి ఉన్నాడు భీమప్ప. పండ్లు బెంచీ మీద పెట్టి వెళ్లిపోయాడు. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని పెద్దలు ఊరికే అనలేదు. ఇంటికెళ్లి కాళ్ల మీద పడదామనుకుంది. పడలేదు. ఆయనా ఆ ఊసెత్తలేదు. ఎత్తనందుకు హాయిగా ఊపిరి పీల్చుకుంది. సిగ్గులేని హాయి!

ఓడిన జట్టులోంచి సెలెక్టర్లు ఆమెనే ఏరుకున్నారు. హైదరాబాద్ హాస్టలు, రాష్ట్ర జట్టు, ఆ తర్వాత జీతమిచ్చి ఆడించుకునే బెంగళూరు క్లబ్బు. వీలైన ప్రతి ఆటకూ భీమప్ప వచ్చి ఎక్కడో వెనక కూర్చునేవాడు. చప్పట్లు కొట్టేవాడు, నోరు మాత్రం విప్పేవాడు కాదు. అంతమంది కేకల్లో ఆ ఒక్క పిలుపు కోసం మల్లీశ్వరి చెవులు వెతుక్కునేవి.

ఈ ఎండాకాలం తాండూరులో ఆమెకు సన్మానం పెట్టారు. ఈయన మా నాయిన అని నలుగురిలో చెప్పి, ఆ పాత మాట కడిగేసుకోవాలని నిశ్చయించుకుంది. "ముందల కూసోవాలె నాయినా," అని ఫోన్లో బతిమాలింది.

"వస్త తియ్ బిడ్డా," అన్నాడు.

స్టేజీ ఎక్కేసరికి, ముందు వరుస దగ్గర ఒక కార్యకర్త భీమప్పను ఆపడం ఆమెకు కనిపించింది. "ఇవి ఇంటోళ్ల కుర్చీలు పెద్దాయనా. ఆమెకు నువ్వేమైతవ్?"

భీమప్ప చుట్టూ ఉన్న పెద్దమనుషుల్ని చూశాడు, తన గొంగడి చూసుకున్నాడు. "ఏం కాను సారూ. గొర్రెలాయన్ని. ఊకె చూద్దామని వచ్చిన," అని వెనక్కి మళ్లాడు.

ఆ గొంతులో వెటకారమేమీ లేదు. బిడ్డ పరువు కాపాడుతున్నాననుకున్నాడు పాపం. మల్లీశ్వరికి తల కొట్టేసినట్టయింది. "నాయినా!" అని అరిచింది. అప్పుడే మొదలైన డప్పుల మోతలో అది ఎవరికీ వినబడలేదు. మైకు లాక్కుని, నాలుక మడిచి, "డుర్ర్ర్... హోయ్!" అంది.

జనం గొల్లున నవ్వారు. భీమప్ప తల ఠక్కున తిరిగింది.

ఆయన పడుతూ లేస్తూ స్టేజీ దగ్గరికి వచ్చి, మైకును అరచేత్తో మూసేశాడు. "ఊకో బిడ్డా, అందరు ఇంటున్నరు. నీ ఇజ్జత్ పోతది," అన్నాడు, సిగ్గుతో తల దించుకుని.

ఆ సిగ్గు ఆయనకు నేర్పింది తానే. మల్లీశ్వరి అందరి ముందూ భోరుమంది.