పంటి పాఠం

చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న సుభాషిణి ముందు మనవరాలు శ్రావణి ఒక రంగుల అట్ట పరిచింది. నవ్వుతున్న పన్ను బొమ్మ, దాని మీదికి ఈటెలతో వస్తున్న పురుగులు. అరవై దాటినాక అక్షరాలు నేర్చుకున్న సుభాషిణి కూడబలుక్కుని చదివింది. "చాక్లెట్లు తినకండి. రెండుపూటలా తోముకోండి."

"రెండో తరగతిల ఇదే చెప్పిన్రు నాయనమ్మా, తొమ్మిదిలనూ ఇదే. మా క్లాసు రమకు పండ్లకు తీగ ఏపిచ్చిన్రు. పోరగాండ్లు షట్టర్ ఏసిన దుకాణం అంటాన్రు. తీగల అన్నం ఇరుక్కుంటదని అది బడిల తినుడే బందువెట్టింది. ఈ అట్టల ఆ ముచ్చట ఉన్నదా? ఈసారి మీ ఈడుకు పనికొచ్చే పాఠం మీరే తయారుజెయ్యున్రి అన్నది టీచర్. మా అంత ఉన్నప్పుడు నీ పండ్ల సంగతేందో చెప్పు, ఫోన్ల రికార్డు చేస్త."

మా అంత అనేసరికి సుభాషిణి చేతులు ఆగిపోయాయి. కేసముద్రం అవతల తల్లిగారి వాకిలి. నూరిన బొగ్గు, ఉప్పు. అక్కాచెల్లెళ్లు వరుసగా కూర్చుని నల్లని నోళ్లు ఒకరికొకరు చూపించుకుని, కడుపులు పట్టుకుని నవ్వేవాళ్లు. "కడుక్కోన్రే, బారెడు పొద్దెక్కింది" అంటూ అమ్మ చెంబెడు నీళ్లు మీద చల్లేది, తనూ నవ్వేది. ఆ నవ్వు మట్టెవాడ అత్తగారింటి గడప లోపలికి రాలేదు. "పండ్లు బయటవెట్టకు, దుకాణంల గిరాకీలున్నరు" అనేది అత్త. పదహారేళ్ల ఈడున ముందు పన్ను సలుపు పెట్టింది. వాచిన మూతితోనే దుకాణం మనుషులందరికీ వండి వార్చింది. ఓర్వలేక చెబితే అత్త చిటికెడు తంబాకు పొడి వేలికి అంటించి, "పంటి ఇగురుకు రాయి, పొయ్యి మాత్రం ఆరనియ్యకు" అంది.

పక్కనే అన్నం తింటున్న కొడుకు వినయ్ తలెత్తాడు. "అమ్మా, ఇంటి ముచ్చట్లు బడిదాక ఎందుకే? ఇజ్జత్ పోతది. బొగ్గు, ఉప్పు చెప్పు, సాలు."

బొగ్గు, ఉప్పు చెప్పడానికి ఎంత బాగుంటాయి. ఆ తరువాతిది ఇన్నేళ్లుగా ఎవరికీ చెప్పలేదు. కొడుక్కి మారు వడ్డించబోయిన సుభాషిణికి ఎన్నడూ చూడని ఆ రమ, మూత తీయని టిఫిన్ డబ్బా ముందు కూర్చున్నట్టు కనిపించింది. గరిటె గిన్నెలో పెట్టేసింది.

"జర నువ్వే పెట్టుకో నాయినా. బిడ్డా, ఫోన్ పట్టు."

బొగ్గు చెప్పింది. అక్కాచెల్లెళ్ల నవ్వు చెప్పింది. అక్కడ ఆగలేదు.

"తంబాకుకు సలుపు తగ్గకపోతె మీ తాత దవాఖానకు తోల్కపోయిండు. పన్ను నిలబెట్టచ్చు, ఇంకో రెండుసార్లు తోల్కరావాలె అన్నడు డాక్టరు, మీ తాతతోని. మాటిమాటికి వస్తే ఇంట్ల వంటెవలు జేస్తరు, పీకెయ్యున్రి అన్నడు మీ తాత. నేను నోరు తెరుసుకోని ఇద్దరి మొకాలు సూసుకుంట కూసున్న. రాసుకో బిడ్డా, మీ పాఠంల మొదటి మాట. పన్ను ఎవలిదో వాళ్లను అడగాలె."