నందివర్ధనం కొమ్మ మీద దొంగ కళ్ళు

నేను ఒక పురుగుని. ఈ మాట వినగానే చెప్పు కోసం వెతక్కండి. ఇప్పుడు నాకు రెక్కలున్నాయి, చూడ్డానికి బాగానే ఉంటాను. పచ్చటి రెక్కల మీద లేత గులాబీ, తెలుపు చారలు. పుస్తకాల్లో నన్ను చిమ్మట అంటారట. మునిమాపు వేళ పువ్వు ముందు గాలిలోనే నిలబడి తేనె తాగుతుంటే తేనెపిట్ట అనుకునేవాళ్ళూ ఉన్నారు. నేను కాదనను.

పుట్టింది చీరాలలో, వాటాలుగా అద్దెకిచ్చిన ఒక పెంకుటింటి పెరట్లో, నందివర్ధనం చెట్టు మీద. మా అమ్మ లేత ఆకు కింద నన్ను గుడ్డుగా అంటించి వెళ్ళిపోయింది. ఆకుకి ఒక్క గుడ్డే. అందరినీ ఒకచోట పెడితే తిండి చాలదని ఆమె భయం. బయటికొచ్చాక నాకు తెలిసిన పని తినడమే. చర్మం బిగుతైతే విడిచేయడం, మళ్ళీ తినడం. అలా మనిషి వేలంత అయ్యాను. ఒళ్ళంతా ఆకుపచ్చ, తోక మీద చిన్న కొమ్ము, మెడ మీద రెండు పెద్ద నీలి కళ్ళు. అవి చూడ్డానికి పనికిరావు, బెదిరించడానికే. పిట్ట వాలితే తల లోపలికి ముడిచి వాటిని ఉబ్బించేదాన్ని. నా అసలు కళ్ళు ఇసక రేణువుల్లా ఎక్కడో కిందుండేవి.

చెట్టుకి దగ్గరి వాటాలో ఇందుమతి అనే అమ్మాయి కాపురం. చంకలో కూతురు. పిల్ల తుమ్మితే జలుబు చేసిందంటుంది, కదలకుండా నిద్రపోతే ఊపిరాడుతోందా అని ముక్కు దగ్గర వేలు పెడుతుంది. పాకడం నేర్చిన ఆ పిల్లకి ఒక పొద్దున పొట్ట చుట్టూ ఎర్రగా దద్దుర్లు లేచాయి. ఏ పురుగో పాకిందని ఇందుమతి మంచం కింద, బియ్యం సంచి వెనక అంతా గాలించింది. చివరికి చెట్టు కింద మిరియాల్లాంటి నల్లటి గుండ్లు కనబడ్డాయి. అవి నా పెంటికలు. తలెత్తి చూసింది. నేను అలవాటుకొద్దీ కళ్ళు ఉబ్బించాను. పిట్టల దగ్గర పనిచేసే ఉపాయం తల్లుల దగ్గర పనిచేయదని అప్పుడే తెలిసింది.

కొమ్మ విరిచి నన్ను చేటలో పడేసింది. పిల్ల స్నానానికి కాగుతున్న నీళ్ళు గిన్నెతో సహా పట్టుకొచ్చింది. పోసేదే. ఎందుకో ఆగి, గోడవతలి మస్తానమ్మను పిలిచింది.

"పిన్నీ, ఇదే పాకినట్టుంది మా పిల్ల మీద. పోసెయ్యనా?"

మస్తానమ్మ తీరిగ్గా వచ్చి, వంగి, నన్ను కొనగోటితో నిమిరింది. నా ప్రాణం అప్పుడే సగం పోయింది.

"దురదపెట్టే గొంగళికి ఒళ్ళంతా నూగుంటదే. ఇది నీ కూతురికంటే నున్నగుంది."

"కళ్ళు చూడు పిన్నీ, నన్నే చూస్తన్నాయి."

"అయి కళ్ళు కాదమ్మాయ్. పిట్టల దిష్టి తగలకుండా వాళ్ళమ్మ పెట్టిన చుక్కలు. నువ్వు ఒకటి పెట్టావు, ఆమె రెండు పెట్టింది."

ఇందుమతి పిల్ల బుగ్గ మీది కాటుక చుక్కను చూసింది. గిన్నె కింద పెట్టింది. మస్తానమ్మ పిల్ల గౌను ఎత్తి, దద్దుర్లు సరిగ్గా కొత్త నిక్కరు ఎలాస్టిక్ ఒత్తుకున్నచోటే ఉన్నాయని చూపించింది. నిక్కరు తనే ఏరి కొన్నది కాబట్టి ఇందుమతి ఆ మాట కాసేపు ఒప్పుకోలేదు. తర్వాత నిక్కరు విప్పేసింది.

అలాగని నన్ను ముద్దు చేయలేదు. చేటను చేతులు చాపినంత దూరాన పట్టుకుని, మొహం పక్కకి తిప్పుకుని, నన్ను చెట్టు మొదట్లో దులిపింది. పైకెక్కి తినమంది, పిల్లకి అందితే మాత్రం ఊరుకోనంది. ఎక్కాను.

కొన్నాళ్ళకి తిండి మీద మనసు పోయింది. ఒంటి పచ్చదనం మట్టి రంగుకి తిరిగింది. కిందికి దిగి, ఎండుటాకుల్లో గుల్లలా బిగుసుకుని పడుకున్నాను. ఇందుమతి చీపురు నన్ను ఓ మూలకి నెట్టింది. పోల్చుకోలేదు, నా అదృష్టం. ఆ మూలనే రెక్కలొచ్చాయి.

ఇప్పుడు నా కడుపునిండా గుడ్లు. ఎన్నాళ్ళో బతకను, పిల్లల మొహం చూడను. రోడ్డు వారన గన్నేరు చెట్లున్నాయి, ఆకు బోలెడు, మాకు అదీ కమ్మటి తిండే. కాని అక్కడ పురుగుల మందు కొట్టే మనిషి ఎవర్నీ అడగడు. ఇక్కడ పిల్ల గోడ పట్టుకుని నడుస్తోంది, అందినదల్లా నోట్లో పెట్టుకుంటోంది. నా బిడ్డ కనబడితే ఇందుమతి మళ్ళీ బెదురుతుంది, నీళ్ళు మళ్ళీ కాగుతాయి. అయినా మొదటి గుడ్డు ఈ చెట్టుకే అంటించాను. పోసేముందు ఆమె పిన్నిని పిలుస్తుంది. నా బిడ్డకి ఆ కాస్త వ్యవధి చాలు.