ఫుల్లర్ గారి ఇంటిపేరు

మాదాపూర్‌లో ఒక అద్దాల మేడ నాలుగో అంతస్తులో రేఖ చేసే ఉద్యోగం ఏమిటో చెబితే ఎవరూ ఓ పట్టాన నమ్మరు. ఇంగ్లండులో ఉన్న పెద్దమనుషుల ఇంటిపేర్లు ఎలా పుట్టాయో ఇక్కడ కూర్చుని వెతికి, చరిత్ర రాసి పంపాలి. వాళ్ల తాతముత్తాతల గొడవ మనకెందుకమ్మా అంటే, జీతమిస్తున్నారు కాబట్టి!

ఈసారి వచ్చింది ఫుల్లర్ అనే రిటైరైన బడిపంతులు గారి పేరు. పక్క సీటు భరత్ మ్యాపు ముందేసుకుని, ఫుల్లర్ అనే ఊరి కోసం మూడు రోజులు ఇంగ్లండంతా గాలించాడు. పాపం, అతని తప్పేముంది? మనలో ఇంటిపేరంటే సగానికి సగం ఊరిపేరే కదా. ఊరూ లేదు, పాడూ లేదు. చివరికి రేఖ పాత కాగితాల్లో అసలు సంగతి పట్టుకుంది. అది పని పేరు.

నేసిన ఉన్ని బట్టను తొట్టిలో వేసి, గంటలకొద్దీ కాళ్లతో తొక్కి, జిడ్డు వదలగొట్టి, బట్టకు బిగువు తెచ్చేవాడు ఫుల్లర్. ఆగ్నేయాన ఫుల్లర్ అన్నారు, నైరుతిన టక్కర్ అన్నారు, ఉత్తరాన వాకర్ అన్నారు. ముగ్గురిదీ ఒకటే తొక్కుడు. వాళ్లు వాడిన మట్టి మనం ముల్తానీ మట్టి అని ముఖానికి పూసుకునే రకమే. నిల్వబెట్టిన మూత్రం కూడా పోసేవాళ్లట. ఛీ అనకండి, అప్పటికి అదే సబ్బు. తర్వాత నీటి మరలొచ్చి కాళ్లకు ఆ పని తప్పింది. పేరు మాత్రం వందల ఏళ్లుగా అలాగే ఉంది. మనవలు డాక్టర్లయినా, పంతుళ్లయినా ఫుల్లర్లు దాన్ని దాచుకోలేదు.

రిపోర్టులో ఆ ఆఖరి వాక్యం రాశాక రేఖ చేతులు ఆగిపోయాయి. తను దాచుకుంది మరి! "మీ ఇంటిపేరేంటి?" అని ఎవరైనా కూపీ లాగితే మాట మార్చేసేది. "అమ్మకు బిజినెస్" అనేది. ఆ బిజినెస్ హఫీజ్‌పేట్‌లో ఒక అపార్ట్‌మెంట్ గేటు పక్కన ఇస్త్రీ బండి. తల్లి కిష్టమ్మది తరాల నాటి చాకలి వృత్తి. రేఖ మాదాపూర్ హాస్టల్లో ఉంటూ ఆదివారాలు మాత్రం ఇంటికి వెళ్లొచ్చేది.

తొక్కితే బట్ట ఎందుకు బిగుస్తుందో, ఎలా తొక్కాలో తను చూసిన పుస్తకాల్లో సరిగ్గా లేదు. ఇక ఫోన్ చేసి అమ్మనే అడిగింది.

"ఉన్నిదా? వేడినీళ్లల్ల ఏసి తొక్కితే పోగు పోగు దగ్గరికొస్తదే," అంది కిష్టమ్మ. "మా అమ్మ గొంగళ్లు గట్లనే తొక్కేది. ఆగమాగం తొక్కితే ఒక్కదిక్కు కుంచించుకపోతది. మెల్లగ, పాదమంత ఆనిచ్చి తొక్కాలె. గదంత నీకెందుకు బిడ్డా?"

"ఆఫీసు పనమ్మా."

రేఖ ఆ మాటల్ని పొల్లుపోకుండా రాసింది. రిపోర్టు మొత్తంలో ప్రాణమున్న ముక్క అదొక్కటే. అయితే వాళ్ల ఆఫీసులో ఒక నియమం ఉంది. విషయం చెప్పిన మనిషి పేరు, పని, రాసినవారికి ఏమవుతారో కింద రాయాలి. లేకపోతే ఆ ముక్క కొట్టేస్తారు. రాస్తే ఇన్నాళ్ల గుట్టు రట్టవుతుంది. రాయకపోతే అమ్మ మాట చెత్తబుట్టలోకి పోతుంది. మధ్యాహ్నం దాకా అన్నం కూడా తినకుండా కూర్చుని, ఆఖరికి టైపు చేసింది: "కిష్టమ్మ, చాకలి వృత్తి, ఇస్త్రీ బండి, హఫీజ్‌పేట్. రాసినవారి తల్లి." పంపేసింది.

టీమ్ లీడర్ సందీప్ కడప మనిషి. పది నిమిషాల్లో కుర్చీ లాక్కుని వచ్చాడు.

"రేఖా, స్టేషన్ దగ్గర నీలం గేటు అపార్ట్‌మెంటు కాడ ఉండే కిష్టమ్మేనా?"

"అవును సార్. మీకెట్ల తెలుసు?"

"నేను కిరాయికి ఉండేది ఆడనే కదా! ఎనిమిది నెలలుగా నా చొక్కాలన్నీ ఆమే ఇస్త్రీ చేస్తాది. నా మెడలో ట్యాగు చూసి, ఏ ఆఫీసని అడిగి తెలుసుకునింది కూడా. నువ్వు ఈడ పని చేస్తావని ఒక్క మాట చెప్పలేదే!" అని, "ముక్క బాగుంది, అట్లే ఉండనీ," అంటూ లేచాడు.

అమ్మకు అంతా తెలుసన్నమాట. కూతురు దాస్తోందని తెలిసి, ఎనిమిది నెలలుగా తనూ దాస్తూ వచ్చింది. సిగ్గుతో, దుఃఖంతో రేఖ కళ్లు నిండాయి.

ఆ సాయంత్రం రేఖ హాస్టల్‌కు పోలేదు. సందీప్‌తో కలిసి నేరుగా బండి దగ్గరికే వెళ్లింది. కిష్టమ్మ తల వంచుకుని ఎవరిదో లాల్చీ ఇస్త్రీ చేస్తోంది.

"అమ్మా," అంది రేఖ.

కిష్టమ్మ తలెత్తింది. కూతుర్ని చూసింది, పక్కనున్న సందీప్‌నూ చూసింది. ఏమీ ఎరగనట్టు, "ఏ ఫ్లాటమ్మా మీది? బట్టలుంటే ఆడ పెట్టిపోండ్రి," అంది.

కన్న కూతుర్ని పట్టుకుని మీరు అంటోంది, అయ్యో! రేఖ గబగబా బండి చుట్టూ తిరిగి వెళ్లి తల్లి చేయి పట్టుకుంది.

"సార్‌కు ఎర్కేనమ్మా. నేనే చెప్పిన. నీ పేరు, నీ పని, అన్నీ రాసి పంపిన."

కిష్టమ్మ నమ్మలేనట్టు సందీప్ వైపు చూసింది. అతను అవునని తలూపాడు. ఆమె ఇస్త్రీపెట్టెను పక్కన నిలబెట్టి, కొంగుతో ముఖం తుడుచుకుంది.

"నా బిడ్డ సార్," అంది.