చెక్క అడ్డు వెనక మేజోళ్లు

చెల్లెలు సంచి సర్దుకుంటోంది. నాలుగు చీరలు, దువ్వెన, కళ్లజోడు పెట్టె, స్కేళ్లు, పెన్సిళ్ల డబ్బా. అక్క గుమ్మానికి ఆనుకుని ఒక్కో వస్తువూ సంచిలోకి దిగడం చూస్తోంది. తల్లి పోయిన నాటినుంచి తాను జడలేసి పెంచిన పిల్ల. ఆ పిల్లకి ఇప్పుడు నలభై దాటాయి, జడ సగం నెరిసింది. అయినా అక్క కళ్లకి పిల్లే.

"నిజంగా వెళ్లిపోతావుటే?"

"ఏం చెయ్యమంటావక్కా? ఇంట్లో కూర్చుని ప్లాన్లు గీద్దామంటే పావుగంటకోసారి కంప్యూటర్ ఆరిపోతోంది. ఆ బడి ప్లాను మూడుసార్లు గీశాను, మూడుసార్లూ పోయింది. ఇంజినీరుగారు ఆఫీసు పక్కన గది ఇస్తానన్నారు. అక్కడే ఉండి గీసుకోమన్నారు." చెల్లెలు తువ్వాలు మడత పెట్టింది. "మెకానిక్కు వస్తున్నాడుగా. బాగైతే ఉంటాను. లేకపోతే సాయంత్రం అయిదింటి బస్సుకి పోతాను."

అక్క తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుంది. కంప్యూటర్ ఎందుకు ఆరిపోతోందో ఆవిడకి తెలుసు.

అది ఒకే పెద్ద గది. మధ్యలో చెక్కలతో అడ్డుకట్టి రెండు చేశారు. ఇటు అక్కాబావల మంచం. అటు చెల్లెలి మంచం, బల్ల, బల్ల కింద చెక్కకి వీపు పెట్టి కంప్యూటర్ పెట్టె. వైర్లు ఇటువైపు ప్లగ్గుకి రావడానికి చెక్క అడుగున జానెడు కంత కోశారు. కంప్యూటర్ నడుస్తున్నంతసేపూ ఆ కంతలోంచి వేడిగాలి కొడుతుంది.

బావకి చేపలు నిలవచేసే మంచు గోదాములో పని. రబ్బరు బూట్లు, లోపల గోధుమరంగు ఉన్ని మేజోళ్లు. రోజుకి రెండు జతలు తడుస్తాయి. వానలు పట్టాక ఏదీ ఆరలేదు. ఒకరోజు కంత దగ్గర ఊడుస్తుంటే అక్క చేతికి వెచ్చగా తగిలింది. ఆవేళనుంచి మేజోళ్లని తెచ్చి కంప్యూటర్ వీపున ఉన్న చిల్లుల రేకుకి క్లిప్పులు పెట్టి తగిలించడం మొదలుపెట్టింది. గంటలో ఆరేవి.

ఆరేవిగానీ, ఆ కంపు. చేప జిగురూ, రబ్బరూ, పాదాల చెమటా కలిపి పొయ్యిమీద పెట్టినట్టు ఉడికేది. రెండు వేళ్లతో తీసి, సబ్బుతో మూడుసార్లు కడుక్కున్నా, అన్నం ముద్ద నోటిదాకా వచ్చేసరికి వేళ్లనిండా అదే వాసన. ఆ ముద్ద అక్కడే వదిలేసి లేచిన రోజులున్నాయి.

"ఏదో చచ్చిందక్కా, ముక్కు పగిలిపోతోంది" అని అటునుంచి చెల్లెలు.

"వానలు కదే. ముసురు కంపు" అని ఇటునుంచి అక్క.

చెల్లెలు చెయ్యని ప్రయత్నం లేదు. టేబుల్ ఫ్యాను తెచ్చి పెట్టె ముందు పెట్టింది. బ్రష్షుతో దులిపింది. తెర మీద ఒక మూల వేడి ఎంతో చూపించే అంకె పెట్టుకుని, గీస్తూనే పైకి చదివేది. "ఎనభై... తొంభై... తొంభై ఆరు." అంతలో టప్పుమని శబ్దం, ఆ తరవాత నిశ్శబ్దం. చెక్కకి ఇవతల అక్క ఆ అంకెల్ని వింటూ కూర్చునేది. ఒక్కసారైనా లేచి మేజోళ్లు తీసెయ్యలేదు. తీస్తే సాయంత్రం తడి మేజోళ్లు నేలకేసి కొట్టే మొగుడికి జవాబు చెప్పుకోవాలి.

మెకానిక్కు వచ్చేలోపు మాత్రం తీసి మంచం కింద తోసింది.

అతను పెట్టె పక్కరేకు విప్పి, ముక్కుకి రుమాలు కట్టుకున్నాడు. ఫ్యాను రెక్కల చుట్టూ గోధుమరంగు బొచ్చు తడిసి, ఎండి, మళ్లీ తడిసి అట్టకట్టింది. పట్టకారుతో లాగితే పొరలు పొరలుగా చర్మంలా ఊడివచ్చింది. దాని వెనకే బొద్దింక గుడ్లు నాలుగు రాలాయి. ఒకటి పగిలింది. చెల్లెలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అమ్మా, లోపల గొర్రెనేమైనా పెంచుతున్నారా? ఇది దుమ్ము కాదు. ఉన్ని."

"ఎలుకలేమో" అంది అక్క, ఎవరూ అడక్కుండానే.

"ఎలుకలు స్వెట్టర్లు అల్లుకుంటాయాండీ? వెనకనుంచి వేడి పోయే దారి మూసేశారెవరో. పక్క చిల్లుల్లోంచి ఈ నూగంతా లోపలికి పీల్చేసింది."

చెల్లెలు తల తిప్పింది. "అక్కా, మీవైపునుంచి కంతలో ఏమైనా పెడుతున్నారా?"

"నేనా? నాకేం పనే దానితో?"

చెల్లెలు ఆవిడ మొహంకేసి ఒక్క క్షణం చూసి, "సరే" అంది.

మెకానిక్కు అంతా తుడిచి, ప్రాసెసర్ మీద వేడి లాగే కొత్త పేస్టు రాసి, నడిపి చూపించి వెళ్లాడు. తెర మీద యాభై రెండు. గంట గడిచినా యాభై నాలుగే. చెల్లెలు నవ్వింది. సంచిలోంచి దువ్వెన తీసి గూట్లో పెట్టింది, చీరలు తీసి మంచం మీద పెట్టింది. "ఉంటానక్కా. ఇంజినీరుగారికి ఫోను చేసి చెప్తాను" అని బల్ల ముందు కూర్చుంది. అక్క ఆ దువ్వెనని గూట్లో చూసి, పొద్దుటినుంచి బిగబట్టిన ఊపిరి వదిలింది.

ఒంటిగంటకి మొగుడొచ్చాడు. బూట్లు విడిచి, మేజోళ్లు ఆవిడ పాదాల దగ్గర పడేశాడు. పిండితే గ్లాసుడు నీళ్లొస్తాయి. పొలుసులు అంటుకుని మెరుస్తున్నాయి.

"మూడింటికి మళ్లీ డ్యూటీ. ఆరబెట్టు."

"రెండో జత లేదా?"

"అదీ తడే. మిషను బాగైందిగా, ఇంకేం ఏడుపు?"

శుభ్రం చేసిన మిషనే కదా, ఒక్క జతకి ఏమవుతుంది, ఒక్క అరగంటేగా అనుకుంది అక్క. ఆ అనుకోవడంలోనే ఆవిడ చేతులు మేజోళ్లని పిండి, కంతలోకి దూర్చి, క్లిప్పులు పెట్టేశాయి.

"అరవై" అంది చెల్లెలు అటునుంచి. కాసేపటికి, "డెబ్బై ఎనిమిది. ఇదేమిటి?" అక్క కంత దగ్గరికి వంగింది. మొగుడు మంచం మీదనుంచి, "ఉండనియ్యి, సగమైనా ఆరనీ" అన్నాడు. ఆవిడ చెయ్యి అక్కడే ఆగిపోయింది.

టప్పుమంది.

అటువైపు కుర్చీ జరిగింది. పెట్టె ముందుకి లాగిన చప్పుడు. దానితోపాటే కంతలోంచి మేజోళ్లూ అటు వెళ్లిపోయాయి.

అక్క చెక్క చుట్టూ తిరిగి వెళ్లేసరికి చెల్లెలు నేలమీద కూర్చుని ఉంది. ఆమె ముందు పెట్టె వీపున వేలాడుతున్న మేజోడు, దాని వేళ్ల చివరనుంచి పసుప్పచ్చ నీళ్లు చుక్కలు చుక్కలుగా కొత్తగా తుడిచిన రేకు మీదుగా కారుతున్నాయి.

"ఎన్నాళ్లనుంచి?"

"వానలు మొదలైనప్పటినుంచి" అంది అక్క.

"పొద్దున అడిగాను కదక్కా."

చెల్లెలు లేచి, కుళాయి దగ్గర మోచేతులదాకా సబ్బు రాసుకుని చాలాసేపు కడుక్కుంది. ఆ కడుక్కోవడం అక్కకి బాగా తెలిసిన కడుక్కోవడమే. తరవాత గూట్లోంచి దువ్వెన తీసుకుంది.

చెల్లెలు ఆ సాయంత్రం అయిదింటి బస్సుకి వెళ్లింది. మళ్లీ రాలేదు. పద్దెనిమిదేళ్లయింది.