ఒదీల్ ఇంటి కొమ్ములు

ల్యూదివీన్ రోజూ అయిదింటికి లేచి తొమ్మిది నల్లావుల పాలు పిండేది. బిందెలు ఊరి చీజ్ సంఘంలో దింపి, అక్కడే ఆఫీసులో కుర్చీ లాక్కుని సాయంత్రం దాకా ఫోన్లో చీజ్ అమ్మేది. ఏడేళ్ళలో ఆమె అమ్మిన చీజ్ చక్రాలన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటే చంద్రుడి మీదికి నడుచుకుంటూ వెళ్ళి కాఫీ తాగి రావచ్చు. ఏప్రిల్‌లో ఒక సోమవారం పాలు పిండుతూ నుదురు గోక్కుంటే వేళ్ళకి రెండు బుడిపెలు తగిలాయి. బుధవారానికి అవి బొటనవేలంత అయ్యాయి. ఆదివారానికి టోపీ తలకి పట్టలేదు.

ఎవరూ వింతగా చూడలేదు. ఆ ఇంటి ఆడవాళ్ళకి అది మామూలే. తలలో రెండు కోరికలు కుమ్ముకుంటూ ఎటూ తెగకపోతే కొమ్ములు మొలుస్తాయి. ఉత్తరాలతో పాటు జనాన్నీ చేరవేసే తపాలా బస్సు డ్రైవరు మాత్రం అద్దానికి గీతలు పడకుండా కూర్చోమన్నాడు. మందుల షాపు ఆవిడ అడక్కుండానే పూత మందు కట్టి ఇచ్చింది.

ల్యూదివీన్ తలలో కుమ్ముకుంటున్నవి రెండు ఎంబీఏ సీట్లు. ఒకటి లొజాన్‌లో. పొద్దున రైలెక్కి వెళ్ళి సాయంత్రం పాల వేళకి ఇంటికి రావచ్చు. రెండోది రోటర్‌డామ్‌లో. అది సముద్రం కంటే పల్లంలో ఉన్న ఊరు. పెనంలాంటి నేల, కొండన్నదే లేదు. సరుకు ఓడలెక్కి ప్రపంచమంతా ఎలా తిరుగుతుందో అక్కడ నేర్పుతారట. రెండు చోట్లా రమ్మన్నారు. మే నెల ఆఖరి సోమవారం లోపు ఏదో ఒకదానికి ఊ కొట్టాలి.

తండ్రి ఫిర్మాన్ అప్పుడే లొజాన్ ఖాయం చేసేసుకున్నాడు. కూతురి గదికి కొత్త రంగు వేశాడు. చదివేందుకు బల్ల చెక్కాడు. సంఘం వాళ్ళ చేత ఆమె కుర్చీ ఖాళీగానే ఉంచుతామని ఒట్టు వేయించుకున్నాడు. తల్లి ఒదీల్ మాత్రం నోరు విప్పలేదు. చేతికి అందింది విసిరేది. ఒక రాత్రి భోజనాల దగ్గర ఫిర్మాన్ లొజాన్ రైళ్ళ వేళలు చదువుతుంటే సూపు గరిటె గాల్లో తిరిగి తిరిగి వెళ్ళి అతని చెవికి తగిలింది. చెవి క్యాబేజీ అంత అయింది. తరవాత కుండ, దాని వెనకాల కిటికీ. ఆ మోతకి ఎదురుకొండ మీద మంచు నాలుగు బారలు జారిపోయింది. తెల్లారేసరికి ఒదీల్ నుదుటి మీదా కొమ్ములు వచ్చాయి. రెండోసారి మొలిచినవి కదా, చెట్టు వేళ్ళలా లావుగా వచ్చాయి. తల్లీకూతుళ్ళు తలపడక తప్పదని అప్పటికి ఊరందరికీ అర్థమైంది.

ఆ లోయలో ఏటా వసంతంలో ఆవులు పోట్లాడతాయి. నుదురూ నుదురూ ఆనించి తోసుకుంటాయి, ఏ ఆవునీ ఎవరూ అదిలించరు. వీపు తిప్పి నడిచిపోయింది ఓడినట్టు. నిలిచింది రాణి. దాని మెడలో గంట కడతారు, అదే మందని కొండ మీదికి నడిపిస్తుంది. ఒదీల్ పుట్టింటి ఆడవాళ్ళదీ అదే పద్ధతి. గెలిచినామె ఇంటికి రాణి. రాణి ఊరు వదలదు. ఓడినామె ఎటు పోయినా అడిగేవాళ్ళు లేరు. ముప్ఫై ఒక్క ఏళ్ళ కిందట ఒదీల్ తన తల్లిని ఓడించింది. ఆ గంట వంటింటి గోడకి ఇప్పటికీ వేలాడుతోంది. అసలా పోట్లాట దేనికొచ్చిందో ఎవరికీ గుర్తు లేదు. ల్యూదివీన్ కూడా ఎప్పుడూ అడగలేదు.

పోట్లాటకి నిర్ణేత ఎల్వా పెదనాన్న, ఫిర్మాన్‌కి అన్న. నలభై ఏళ్ళుగా కర్ర పట్టుకుని ఆవుల గెలుపోటములు తేల్చిన మనిషి. చుట్టరికం చూడకుండా న్యాయం చెబుతాడని పేరు. పోట్లాటకి ముందు రోజు, శనివారం వచ్చి, తమ్ముడి ముందే ల్యూదివీన్‌ని కూర్చోబెట్టాడు.

"నీకేం కావాలే?"

"గెలవాలి."

"అది కాదే. ఏ ఊరు?"

"ముందు గెలవనీ పెదనాన్నా. ఊరి సంగతి తరవాత చూద్దాం."

"గెలిచాక ఊరెక్కడుందే మొద్దుమొహమా? గెలిస్తే లొజానే. ఓడితేనే రోటర్‌డామ్."

ల్యూదివీన్ తల వంచుకుంది. రాత్రిళ్ళు కళ్ళు మూసుకుంటే ఓడలే కనిపించేవి. అయితే అక్కడికి వెళ్ళాలంటే ఊరందరి ముందూ వీపు చూపించాలి. ఆ ఇంట్లో ఇరవై ఎనిమిదేళ్ళుగా అన్నీ నేర్చుకుంది గానీ ఓడడం ఒక్కటి ఎవరూ నేర్పలేదు.

గెలుస్తుందిలే అని ఫిర్మాన్ మురిసిపోయాడు. కన్నకూతుర్ని పలుపుతాడుకి కట్టేద్దామనుకుంటున్నావురా అన్నాడు ఎల్వా. తరవాత ఎవరు ముందు కొట్టారో చెప్పడం కష్టం. ఎల్వా ముక్కు ఎడమ చెంప వైపు తిరిగింది. ఫిర్మాన్ పళ్ళు రెండు కొత్త బల్ల మీద గింగిరాలు తిరిగి ఆగాయి. అన్నదమ్ములిద్దరూ అదే బల్ల దగ్గర కూర్చుని ఒకే మంచు గడ్డని మొహాలకి ఒత్తుకున్నారు.

మర్నాడు ప్రార్థన అయ్యాక చర్చి దిగువ పచ్చికలో ఊరంతా చేరింది. వైన్ సీసాలు తెరిచారు. నిప్పుల మీద చీజ్ కరుగుతోంది. అవతలి లోయ వాళ్ళు కూడా బళ్ళేసుకుని వచ్చారు. ఎల్వా కర్ర దించగానే నుదుళ్ళు రెండూ ఢీకొన్నాయి. ఆ దెబ్బకి చర్చి గంట దానంతటదే మోగిందని ఒట్టేసి చెప్పేవాళ్ళు ఇప్పటికీ పదిమంది ఉన్నారు.

మూడు గంటల సేపు సాగింది. పచ్చిక చాపలా చుట్టుకుని లేచిపోయింది. ఒదీల్ పెదవి చీలింది. ల్యూదివీన్ కుడి భుజం కీలు తప్పి వేలాడింది, దాన్ని ఆమె కంచె గుంజకేసి కొట్టుకుని తనే ఎక్కించుకుంది. కంచె మూడు చోట్ల విరిగింది. చీజ్ కాచే పొయ్యి బోర్లా పడి ఇద్దరి పాంట్లు కాలాయి. రక్తం కనుబొమల మీంచి కారి కళ్ళలో పడుతుంటే, తుడుచుకునే తీరిక లేక ఎర్రటి లోకంలోనే తోసుకున్నారు. కొండెక్కిన ఆవుల్లా రొప్పారు. చివరికి వయసు మాట్లాడింది. ల్యూదివీన్ తల్లిని జానెడు జానెడు వెనక్కి నెట్టింది. ఒదీల్ మడమలు చర్చి రాతిగోడకి తగిలాయి. ఇంకొక్క తోపు. మెడ చుట్టూ గంట పట్టీ బిగుసుకున్నట్టే అనిపించింది ల్యూదివీన్‌కి.

నుదురు నుదుటికి అతుక్కుని ఉంది. తల్లి ఊపిరి వేడిగా మొహానికి కొడుతోంది.

"తిరగవే," అంది ఒదీల్, పళ్ళు బిగబట్టి.

"నువ్వు తిరుగు."

"నాకు చేతకాదు. ఆ రోజూ చేతకాలేదు. పారిస్‌లో సీటొచ్చింది నాకు, వ్యాపారం చదువుకోడానికి. మా అమ్మని ఈ గోడకే తోశాను. ఊరంతా చప్పట్లు కొట్టి మెడలో గంట కట్టారు. గంట కట్టించుకుని పారిస్ ఎవతె వెళ్తుందే?"

ల్యూదివీన్ తోపు సగం సడలించింది. "మరి నేను రోటర్‌డామ్ పోతాననే గరిటెలు విసిరావనుకున్నాను."

"లొజాన్ అన్నవాడి మీద విసిరాను. గురి చూసి మరీ."

"అమ్మా, ఊరంతా చూస్తోంది."

"చూడనీ. నిన్ను చూసి వారం రోజులు నవ్వుతారు. నన్ను ముప్ఫై ఒక్క ఏళ్ళుగా మెచ్చుకుంటున్నారు. ఏది బరువో నన్నడుగు."

ల్యూదివీన్ నుదురు ఎత్తింది. ముందు మెడ తిప్పింది, తరవాత భుజాలు, అన్నిటికంటే ఆఖర్న కాళ్ళు. నడిచింది. ఆ మూడడుగులూ ఆ కొండలన్నీ ఎక్కి దిగినంత దూరమయ్యాయి. నాలుగో అడుగులో కొమ్ములు రెండూ ఊడి బురదలో పడ్డాయి. వైన్ బల్లల దగ్గర ఎవడో కిసుక్కుమన్నాడు. ఎల్వా కర్ర ఎత్తి, గెలుపు ఒదీల్‌దని తిరిగిన ముక్కుతోనే చెప్పాడు.

అక్కడ ల్యూదివీన్ ఆగింది. పళ్ళు లేని నోటిని చేత్తో మూసుకుని ఏడుస్తున్న తండ్రి కనిపించాడు. ఒక్కసారి వెనక్కి వెళ్ళి ఆయన్ని కావలించుకుని వద్దామా, అంతలోకే ఏమవుతుంది, అనుకుంది. కాలు వెనక్కి తిప్పింది కూడా.

వీపు తిప్పినదాన్ని పొడవకూడదు. ఆ లోయలో ఆవులు పుట్టిన నాటి నుంచీ ఏ ఆవూ పొడవలేదు. ఒదీల్ పొడిచింది. గోడ దగ్గర్నుంచి తల దించుకుని పరిగెత్తుకొచ్చి, రెండు కొమ్ములూ కూతురి పిరుదుల్లో దించేసింది. ల్యూదివీన్ కేక పెట్టి కంచె దూకింది. ఒదీల్ కంచె విరగ్గొట్టుకుని వచ్చి మళ్ళీ పొడిచింది. బేకరీ మలుపు దగ్గర ఒకటి, చీజ్ సంఘం ముందు ఒకటి, కూతురు తల వెనక్కి తిప్పినప్పుడల్లా ఒకటి. అలా ఊరు దాటించి తపాలా బస్సు ఆగే చోటి దాకా తరిమింది. డ్రైవరు మాట్లాడకుండా తలుపు తీశాడు. బస్సు కదిలాక కూడా ఒదీల్ వెనక బంపర్ని కుమ్మింది. ఆ సొట్ట ఇంకా ఉంది.

పద్ధతి తప్పిందని ఎల్వా ఆమె రాణి హోదా రద్దు చేశాడు. ఒదీల్ సరేనని ఇంటికెళ్ళి, గోడ మీది గంట పీకి తెచ్చి అతని కాలి మీద పడేసింది.

ల్యూదివీన్ కూర్చునే వీల్లేక బస్సులో నిలబడే, ఒక చేత్తో పైకడ్డీ పట్టుకుని, రెండో చేత్తో ఫోనులో రోటర్‌డామ్‌కి వస్తున్నానని రాసింది. తరగతులు సెప్టెంబరులో. అప్పటికీ పుండ్లు మానలేదు. మొదటి నెలంతా ఆ చదును ఊళ్ళో తరగతి గదిలో చివర్న నిలబడే పాఠాలు విన్నది. ఎందుకని మాస్టారు అడిగితే మా అమ్మ సాగనంపింది అంది. ఆ తరవాత ఎప్పుడు ఇంటికి వెళ్ళిపోదామనిపించినా కొమ్ములు దిగిన ఆ రెండు చోట్లా సలిపేది. సలిపినప్పుడల్లా ఆమె దిండు మీద బోర్లా పడుకుని పుస్తకం తెరిచేది.