ఎర్రమట్టిని ఎర్రగా చూపే దీపం

చత్రు గోనెపట్టా దించి, రేకుల డబ్బాకొట్టు లోపల చీకటి చేసుకొని, టార్చిని పళ్లెం మీదికి వంచాడు. బయట పొద్దు బారెడెక్కి మానుకోట స్టేషను రోడ్డు అప్పుడే కాలుతోంది. అతని పని మాత్రం పట్టపగలు కూడా చీకట్లోనే. పళ్లెంలో పిడికెడు ఎర్రమట్టి, ఎండిన పత్తాకులు, వాటి నడుమ మెలికపడిన రక్తపింజరి కుబుసం. ఆకులు వేరుగా, కుబుసం వేరుగా కనబడితేనే టార్చి పాసు. లేకపోతే విప్పి మళ్లీ మొదలు.

యాభై ఆరేళ్ల మనిషి. చేతులు చాపితే రెండు పక్కల రేకులూ తగిలేంత డబ్బా. టంకం అతుకు పెట్టే కడ్డీ తగిలి కాలి కాలి వేళ్ల మీద గీతలు అరిగిపోయాయి. ఎడమ కనుబొమ్మ సగమే ఉంది. మిగతా సగం ఏనాడో ఒక బ్యాటరీ పేలినప్పుడు పోయింది.

ఎల్ఈడీలను అతను గింజలంటాడు. కోఠి నుంచి పొట్లం కట్టించుకొచ్చిన గింజల్ని, కల్లంలో తాలు మిరప ఏరినట్టు, ఒక్కొక్కటే వెలిగించి ఏరుతాడు. ఒకే పొట్లంలోవే అయినా ఒకదాని వెలుగు నీలం, ఒకదానిది సున్నపు తెలుపు, ఇంకొకదాంట్లో పాచిలాంటి పచ్చజీర. పదింటికొకటి కిరసనాయిలు కందిలి వెలుగులా వెచ్చగా ఉంటుంది. వాటిని వేరే అగ్గిపెట్టెలో దాచుకుంటాడు.

ఈ టార్చి మీద రెండు నెలలు కూర్చున్నాడు. దాని మెడకు పాత ట్రాన్సిస్టరు రేడియోల్లోంచి పీకిన రెండు తిప్పుడు మరలు బిగించాడు. మొదటిది తిప్పితే వెలుగు పెరుగుతుంది, వెనక్కి తిప్పితే మిణుగురంతకు తగ్గి రోజుల తరబడి ఆరకుండా ఉంటుంది. రెండోది తిప్పితే రంగు మారుతుంది. ఈ చివర కందిలి పసుపు, ఆ చివర సున్నపు తెలుపు. నడుమ ఎక్కడో ఒకచోట మట్టి మట్టిగా, ఆకు ఆకుగా కనబడుతుంది. ఆ చోటు కోసమే ఈ రెండు నెలలు. ఇవాళ దొరికింది. అక్కడ గోటితో ఒక గీత గీశాడు.

గోనెపట్టా లేచింది. కరుణాకర్ సారు తల లోపల పెట్టాడు. బడి మూసి సమ్మెలో తిరుగుతున్న పంతులు. మెడలో గులాబి కండువా, గొంతు మాత్రం నినాదాలకు ఎప్పుడో పోయింది.

"చత్రన్నా, సకలజనుల సమ్మె అంటే అండ్ల నువ్ లేవా? డబ్బా బంద్ వెట్టే."

"నేను తెరిస్తే మాత్రం ఎవలొస్తుర్రు సారూ."

"గిదేంది, పాముకు పెండ్లిచూపులా?" కరుణాకర్ నవ్వి టార్చి అందుకొని రోడ్డవతలి గోడ మీదికి కొట్టాడు. "గింతేనా ఎలుగు? సంతల దొరికే చైనాది కొడితే రైలుకట్ట అవుతల పడ్తది."

"పడ్తది సారూ. పడ్డకాడ ఏమున్నదో మాత్రం చెప్పది."

కరుణాకర్‌కు అది పట్టలేదు. నడువు, బువ్వ తిందువు అని రెక్క పట్టి లాక్కుపోయాడు.

నడిరోడ్డు మీద రాళ్ల పొయ్యిలు, వాటి మీద డేగిసాలు. వంటావార్పు. డప్పులు మోగుతున్నాయి. వరసలో కూర్చున్న వాళ్లంతా ఒకరినొకరు పిలుచుకుంటున్నారు. చత్రు విస్తరాకు ముందు పెట్టుకొని చివరన కూర్చున్నాడు. ఇంతమందితో కలిసి తిని ఐదేళ్లయింది.

గార్ల సంతలో కూరగాయలమ్మే సమ్మక్క వడ్డిస్తూ వచ్చింది. "మీ తండా ప్రేమ్‌సింగు నిన్న సంతల కలిసిండు చత్రూ. కొత్త టార్చి కొన్నడు. పట్టపగలే నా మొకం మీద కొట్టిండు, కండ్లు బైర్లు గమ్మినయ్."

చత్రు ముద్ద ఆపాడు. "ఏం రంగు అక్కా, ఎలుగు?"

"ఎలుగుకు రంగేంది, పిచ్చోడా? తెల్లగ, ట్యూబులైటు లెక్క."

అతను విస్తరి మడిచి లేచాడు. డబ్బాలోంచి టార్చి తీసుకొని, గొళ్లెం పెట్టి, తండా దారిన రైలుకట్ట ఎక్కాడు.

ఐదేళ్ల కింద అలాంటి టార్చి అతనే చేశాడు. పద్దెనిమిది నీలపు గింజలు. తండా అంతా పొగిడింది. వెన్నెలను డబ్బాలో పట్టినావురా అన్నారు. అతని భార్య కమ్లీ దాన్ని పట్టుకొని రాత్రి కరెంటుకు పత్తిచేనులో మోటరు పెట్టడానికి పోయింది. వెలుగు అవతలి గట్టు దాకా పరుచుకుంది. ఆ వెలుగులో మట్టి, ఎండాకు, రక్తపింజరి అన్నీ బూడిదలా ఒకటే రంగు. ఎండాకనుకొని కాలు వేసింది. దవాఖానకు తీసుకుపోతుంటే ఆమె పక్కన టార్చి ఇంకా వెలుగుతూనే ఉంది. ఎక్కువ వెలుగుంటే కనబడుతుందని అనుకున్నాడు తను. కాటి దగ్గర ఆమె తమ్ముడు ప్రేమ్‌సింగ్ ఒక్క మాటే అన్నాడు: "గంత ఎలుగు చేసినవ్, మా అక్క కాలికింద ఏమున్నదో కనవడలే." ఆ మర్నాడే చత్రు తండా విడిచాడు.

ఇప్పుడు ప్రేమ్‌సింగ్ చేతిలో అదే వెలుగు. సమ్మెతో బొగ్గు ఆగిపోయి కరెంటు ఏ వేళకొస్తుందో ఎవరికీ తెలియడం లేదు. పొద్దు పొడవకముందే వస్తే అదే మోటరుకు, అదే పత్తిచేను నడుమ నుంచి పోతాడు.

బస్సుల్లేవు, రైళ్లు లేవు. పట్టాలు తుప్పు రంగుకు తిరుగుతున్నాయి. గుండ్రాతిమడుగు దగ్గర పట్టాల మీద బైఠాయించిన వాళ్లు "జై తెలంగాణ అనుకుంట పో, పెద్దాయనా" అన్నారు. అన్నాడు. ముందుకు పోతే మనిషన్నవాడు లేడు. ఎడమ భుజం కింద ఎవరో బండ పెట్టినట్టయింది. రెండుసార్లు కంకర మీద కూర్చున్నాడు. వేడి బువ్వ గబగబా తిన్నందుకే అనుకున్నాడు.

తండా చేరేసరికి పొద్దు వాలింది. ప్రేమ్‌సింగ్ వాకిట్లో మందుకొట్టే పంపు బాగుచేసుకుంటున్నాడు. తలెత్తాడు.

"ఎవలు గావాలె?"

తెలుగులో అడిగాడు. తండావాళ్లు తమలో తాము లంబాడీలోనే మాట్లాడుకుంటారు, తెలుగు మాట్లాడేది కరెంటోళ్లతో, పట్వారీతో.

"నేనే."

"నాకు దెల్సు. ఎవలు గావాలె?"

చత్రు రుమాలు విప్పి టార్చి చాపాడు. "సంతల కొన్నది పారేయ్. గిది పట్టు."

"నీ ఎలుగు మా ఇంటికి ఒక్కపారి వచ్చింది. సాలు."

"జర మట్టి మీద కొట్టి చూడు, ప్రేమ్‌సింగూ. ఒక్కపారి."

ప్రేమ్‌సింగ్ పంపు వైపు తిరిగాడు. దాని గొట్టం బిగిస్తూ, చూడకుండానే అన్నాడు, "పొద్దుండంగనే ఎల్లిపో. రైళ్లు గూడ లెవ్వు."

చత్రు వెళ్లిపోయాడు, స్టేషను వైపు కాదు, చేను వైపు. మోటరు గది గోడకు స్టార్టరు డబ్బా, దాని పక్కన మేకు. టార్చిని తలకిందులుగా ఆ మేకుకు తగిలించాడు. మసక చీకట్లో రెండో మరను గోటిగీత దగ్గర ఆపి, మొదటిదాన్ని వెనక్కి తిప్పుతూ మిణుగురంత చేశాడు. వద్దన్నవాడైనా మోటరు పెట్టడానికి చెయ్యి చాచాల్సింది ఇక్కడికే. భుజం కింది బండ ఈసారి దిగలేదు. గోడకు ఆనుకొని కూర్చుని కాళ్లు చాపుకున్నాడు. కాసేపు కూర్చుని లేద్దామనుకున్నాడు.

కోళ్లు కూసే వేళకు కరెంటొచ్చింది. ప్రేమ్‌సింగ్ సంత టార్చి కొట్టుకుంటూ వచ్చాడు. ఆ తెల్లటి వెలుగులో గోడ మొదట్లో ఎవరో ఆనించిన గోనెసంచి కనిపించింది. దాన్ని దాటి స్టార్టరు వైపు చెయ్యి చాపితే వేళ్లకు మిణుగురంత వెచ్చని వెలుగు తగిలింది. తన టార్చి ఆర్పి గడ్డిలో పెట్టాడు. మేకుకున్న దాని మొదటి మర మెల్లగా తిప్పాడు.

సంచి కాదు. చాపిన పాదాలు, మడమల పగుళ్లలో ఇరుక్కున్న ఎర్రమట్టి, సగమే ఉన్న కనుబొమ్మ. పాదాల పక్కన నాలుగు ఎండాకులు, దేనికది వేరుగా.

ప్రేమ్‌సింగ్ గొంతుక్కూర్చున్నాడు. ఐదేళ్ల తర్వాత అతన్ని తండా మాటలో, బావ వరస కలిపి పిలిచాడు. మళ్లీ పిలిచాడు. తర్వాత, తిప్పిన మరను ఎంత తిప్పాడో అంతే వెనక్కి తిప్పి, తెల్లారే మసకలో మనుషుల కోసం తండా వైపు నడిచాడు. సంత టార్చి గడ్డిలోనే పడి ఉంది.

దినాలయ్యేదాకా ఎవరూ మేకును ముట్టుకోలేదు. సమ్మె సాగుతూనే ఉంది, కరెంటు వస్తూ పోతూ ఉంది. స్టార్టరు డబ్బా పక్కన, రెండో మర గోటిగీత దగ్గరే ఆగి, ఆ టార్చి మిణుగురంత వెలుగుతో తన కింద అరచేయంత నేలను ఎర్రగా చూపిస్తూనే ఉంది.